చిత్ర శోధన అనుకూలీకరణ: ఎడపల్లి–బోధన్ ప్రాంత చిత్రాల ఉదాహరణతో

వెబ్‌సైట్లలో ఉంచిన ఫొటోలు, బొమ్మలు, పటాలు సెర్చ్ ఇంజన్ల చిత్ర ఫలితాల్లో వెతికేవారికి దొరికేలా ఆ చిత్రాలను, వాటి చుట్టూ ఉండే పాఠ్యాన్ని, వాటిని పాఠకుడికి చేర్చే సాంకేతిక ఏర్పాట్లను తీర్చిదిద్దే పద్ధతులన్నిటినీ కలిపి చిత్ర శోధన అనుకూలీకరణ అంటారు. సెర్చ్ ఇంజన్ అనుకూలీకరణలో ఇది ఒక శాఖ. పెద్ద నగరాల చిత్రాలు లక్షల సంఖ్యలో ఉండడం వల్ల ఏ శ్రద్ధా లేకపోయినా కొన్ని పైకి వస్తాయి. నిజామాబాద్ జిల్లాలోని ఎడపల్లి వంటి మండల కేంద్రాల విషయంలో మాత్రం చిత్రం తీసినవారు, దాన్ని వెబ్‌లో ఉంచినవారు సరైన పేరు, వివరణ, సందర్భం జోడిస్తే తప్ప ఆ చిత్రం ఎవరికీ కనిపించదు. అందువల్ల ఈ వ్యాసంలో సాధారణ సూత్రాలతో పాటు ఎడపల్లి, బోధన్, నిజామాబాద్ ప్రాంతపు స్థలాలు, కట్టడాలు, పంటలు ఉదాహరణలుగా వివరించబడ్డాయి.

## నిర్వచనం, పరిధి

సెర్చ్ ఇంజన్లలో చిత్రాలు ప్రధానంగా మూడు చోట్ల కనిపిస్తాయి. మొదటిది చిత్రాలకే కేటాయించిన ప్రత్యేక విభాగం. రెండోది సాధారణ ఫలితాల పేజీలో లింకుల మధ్య వచ్చే చిత్రాల వరుస, లింకు పక్కన కనిపించే సూక్ష్మచిత్రం. మూడోది ఫోన్ కెమెరాతో ఒక వస్తువును చూపించి దాని గురించి వెతికే దృశ్య శోధన. ఒక చోటి కోసం చేసిన శ్రద్ధ మిగతా రెండు చోట్లా చాలావరకు పనికొస్తుంది.

డబ్బు చెల్లించి వేయించుకునే ప్రకటన చిత్రాలు దీని పరిధిలోకి రావు. సామాజిక మాధ్యమాల్లో పంచుకునే చిత్రాలు అందరికీ తెరిచి ఉన్న పేజీలో ఉంటేనే సెర్చ్ ఇంజన్ సూచికలో చేరే అవకాశం ఉంటుంది; వాట్సాప్ బృందాల్లో తిరిగే ఫొటోలు సెర్చ్ ఇంజన్ల దృష్టికి రావు.

## చరిత్ర

### వెబ్ పేజీలోకి చిత్రం

తొలినాటి వెబ్ పేజీలు పాఠ్యానికే పరిమితం. పేజీలో చిత్రాన్ని పొదిగే ఇమేజ్ ట్యాగును మార్క్ ఆండ్రీసెన్ 1993 ఫిబ్రవరిలో ప్రతిపాదించగా, అదే ఏడాది వచ్చిన మొజాయిక్ బ్రౌజర్ ద్వారా అది వ్యాప్తిలోకి వచ్చింది. చిత్రం తెరుచుకోనప్పుడు దాని స్థానంలో చూపవలసిన మాటలను రాసే ఆల్ట్ అనే లక్షణం 1995లో వెలువడిన హెచ్‌టిఎంఎల్ 2.0 ప్రమాణంలో ఉంది. 1997 నాటి 4.0 ప్రమాణం దాన్ని ప్రతి చిత్రానికీ తప్పనిసరి చేసింది. 1999లో వెలువడిన వెబ్ ప్రాప్యతా మార్గదర్శకాలు, చూపు లేని పాఠకులు స్క్రీన్ రీడర్ ద్వారా చిత్రాన్ని తెలుసుకునే సాధనంగా ఈ లక్షణానికి ప్రాధాన్యం ఇచ్చాయి. తరువాతి కాలంలో సెర్చ్ ఇంజన్లు ఆధారపడిన ముఖ్య సంకేతాల్లో ఒకటి మొదట వికలాంగుల సౌకర్యం కోసం, నెమ్మది కనెక్షన్ల కోసం ఏర్పడినదే.

### చిత్ర శోధన ఆవిర్భావం

2000 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారాల వేడుకకు గాయని జెన్నిఫర్ లోపెజ్ ధరించిన ఆకుపచ్చ దుస్తుల కోసం జనం విపరీతంగా వెతకగా, పాఠ్య లింకులు మాత్రమే చూపగలిగిన గూగుల్ ఆ కొరత తీర్చేందుకు 2001 జులైలో చిత్ర శోధనను ప్రారంభించింది. ప్రారంభంలో దాని సూచికలో సుమారు 25 కోట్ల చిత్రాలు ఉండేవి. చిత్రాన్నే ప్రశ్నగా ఇచ్చి వెతికే విధానాన్ని 2008లో టిన్‌ఐ, 2011లో గూగుల్ అందుబాటులోకి తెచ్చాయి. 2017లో ప్రకటించిన గూగుల్ లెన్స్ కెమెరాను శోధన సాధనంగా మార్చింది.

2018 ఫిబ్రవరిలో గూగుల్ తన ఫలితాల్లోంచి చిత్రాన్ని నేరుగా తెరిచే బొత్తాన్ని తొలగించడంతో, చిత్రాన్ని పెద్దదిగా చూడదలచినవారు అది ఉన్న పేజీకి వెళ్లడం పెరిగింది. 2020 ఆగస్టులో లైసెన్సు వివరాలున్న చిత్రాలపై ప్రత్యేక చిహ్నం చూపడం మొదలైంది. ఈ రెండు మార్పుల తరువాత చిత్రంతో పాటు అది ఉన్న పేజీ నాణ్యతకు, హక్కుల సమాచారానికి ప్రాముఖ్యం పెరిగింది.

### తెలుగు వెబ్‌లో

తెలుగు లిపికి 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే స్థానం ఉన్నా, ఆ తరువాత చాలా ఏళ్లపాటు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లను వాడాయి. తెరపై తెలుగుగా కనిపించే ఆ అక్షరాలు లోపల రోమన్ సంకేతాలుగానే ఉండేవి కాబట్టి, ఫొటో కింద వ్యాఖ్య ఎంత బాగా రాసినా సెర్చ్ ఇంజన్‌కు అర్థమయ్యేది కాదు. యూనికోడ్ వాడుక స్థిరపడ్డాకే తెలుగు వ్యాఖ్యలు చిత్ర శోధనకు ఆధారం కాగలిగాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, 2004 సెప్టెంబరులో మొదలైన వికీమీడియా కామన్స్ ఆది నుంచీ యూనికోడ్‌లోనే సాగడం వల్ల తెలుగు ఊళ్ల చిత్రాలకు యంత్రాలు చదవగల వివరణలు క్రమంగా ఏర్పడ్డాయి.

## పనిచేసే తీరు

చిత్రం ఫలితాల్లోకి చేరడంలో నాలుగు దశలు ఉంటాయి. మొదటి దశలో క్రాలర్ అనే స్వయంచాలక కార్యక్రమం పేజీని సందర్శించి, అందులోని ఇమేజ్ ట్యాగుల ఆధారంగా చిత్రాల చిరునామాలను సేకరిస్తుంది. గూగుల్ వాడే చిత్ర క్రాలర్ పేరు గూగుల్‌బాట్-ఇమేజ్. పేజీ అలంకరణ కోసం సిఎస్ఎస్ ద్వారా నేపథ్యంగా పెట్టిన చిత్రాలను గూగుల్ సూచికలో చేర్చదు. అందువల్ల ఆలయం లేదా జలాశయం ఫొటోను పేజీ శిరోభాగంలో నేపథ్యంగా మాత్రమే వాడిన వెబ్‌సైటుకు ఆ ఫొటో వల్ల చిత్ర ఫలితాల్లో చోటు దక్కదు.

రెండో దశ సూచీకరణ. ఇందులో చిత్రం పిక్సెళ్లను కంప్యూటర్ దృష్టి అనే సాంకేతికత విశ్లేషించి నీరు, గోపురం, మనుషులు, పొలం వంటి అంశాలను గుర్తిస్తుంది. దీనితో పాటు ఆల్ట్ పాఠ్యం, ఫొటో కింద వ్యాఖ్య, సమీపంలోని పేరాలు, పేజీ శీర్షిక, ఫైలు పేరు నమోదవుతాయి. ఒకే చిత్రానికి అనేక ప్రతులుంటే వాటిని ఒక సమూహంగా చేర్చి, అందులో ఒకదాన్ని ప్రధాన ప్రతిగా ఎంచుకుంటుంది.

మూడో దశలో వెతికేవారు టైపు చేసిన మాటలకు ఏ చిత్రాలు సరిపోతాయో సెర్చ్ ఇంజన్ లెక్కిస్తుంది. కంప్యూటర్ దృష్టి ఎంత పెరిగినా దానికొక హద్దు ఉంది. ఒక కోనేరు చిత్రాన్ని చూసి అది మెట్ల బావి లేదా కోనేరు అని యంత్రం చెప్పగలదు గానీ, వెబ్‌లో ఆ నిర్మాణపు చిత్రాలు తక్కువగా ఉన్నప్పుడు అది ఏ ఊరిదో మాటల సాయం లేకుండా తేల్చలేదు. చిన్న ఊళ్ల విషయంలో పాఠ్యానికి అంత బరువు ఉండడానికి కారణం ఇదే.

నాలుగో దశ క్రమనిర్ణయం. పేజీలోని విషయం, చిత్రం ఒకదానికొకటి పొసగడం, వెబ్‌సైటు విశ్వసనీయత, సమాచారపు తాజాదనం, పేజీ తెరుచుకునే వేగం, చిత్రపు స్పష్టత వంటి అంశాల ఆధారంగా ఏది ముందు, ఏది తరువాత అన్నది నిర్ణయమవుతుంది.

## పద్ధతులు, రకాలు

### పాఠ్యపరమైన అనుకూలీకరణ

ఆల్ట్ పాఠ్యం చిత్రంలో ఉన్నదాన్ని చూడలేని వ్యక్తికి ఒకటి రెండు వాక్యాల్లో తెలియజేయాలి. అలీసాగర్ జలాశయపు ఫొటోకు ఆల్ట్ పాఠ్యంగా “ఫొటో” అని రాస్తే ఏ సమాచారమూ అందదు. “అలీసాగర్ నిజామాబాద్ బోధన్ పార్కు టూరిజం బెస్ట్ పార్కు జింకల పార్కు” అని మాటలు గుప్పిస్తే అది చదివేవారికి విసుగు కలిగించడమే కాక గూగుల్ నియమాల ప్రకారం మాటల కుక్కుడుగా లెక్కకు వస్తుంది. “ఎడపల్లి మండలంలోని అలీసాగర్ జలాశయం, గట్టు మీది నుంచి కనిపించే నీరు, అవతల చెట్ల వరుస” అన్న వాక్యం స్థలాన్ని, దృశ్యాన్ని, కోణాన్ని చెబుతుంది కాబట్టి అంధ పాఠకుడికీ యంత్రానికీ సమానంగా ఉపయోగపడుతుంది. కేవలం అలంకారానికి పెట్టిన గీతలు, పువ్వుల వంటి వాటికి ఆల్ట్ లక్షణాన్ని ఖాళీగా ఉంచడమే ప్రాప్యతా మార్గదర్శకాల పద్ధతి.

వ్యాఖ్య ఆల్ట్ పాఠ్యానికి నకలు కాదు. ఆల్ట్ పాఠ్యం కనిపించేదాన్ని వర్ణిస్తే, ఫొటో కింద అందరికీ కనిపించే వ్యాఖ్య ఆ చిత్రం ఎప్పటిది, ఎందుకు ముఖ్యం అన్నది తెలుపుతుంది. చిత్రాన్ని సంబంధిత పేరాకు దగ్గరగా ఉంచడం, పేజీ శీర్షికలో స్థలం పేరు స్పష్టంగా ఉండడం కూడా ఈ విభాగంలోకే వస్తాయి. ఫైలు పేరు బలహీనమైన సంకేతమే అయినా, కెమెరా ఇచ్చిన అంకెల పేరుకు బదులు స్థలం పేరు, విషయం తెలిపే పొట్టి మాటలను అడ్డగీతలతో కలిపి పెట్టడం మంచిదని గూగుల్ మార్గదర్శకాలు సూచిస్తాయి.

ముఖ్యమైన పాఠ్యాన్ని చిత్రం లోపల అచ్చువేయకూడదన్నది మరో సూత్రం. పత్రికల కత్తిరింపులు, ఆహ్వాన పత్రాలు, జాతర కరపత్రాలు ఫొటోలుగానే వెబ్‌లోకి ఎక్కుతున్న తెలుగు ప్రాంతాల్లో దీనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. కత్తిరింపులోని ప్రధాన సమాచారాన్ని పేజీలో మళ్లీ టైపు చేస్తేనే ఆ సమాచారం నిలకడగా శోధనకు అందుతుంది.

### సాంకేతిక అనుకూలీకరణ

చిత్రాల రూపాల్లో 1992లో ప్రమాణంగా ఏర్పడిన జెపెగ్ ఫొటోలకు, 1996 నాటి పిఎన్‌జి గీతలు, అక్షరాలు ఉన్న బొమ్మలకు, ఎస్‌విజి పటాలకు, చిహ్నాలకు అనుకూలం. గూగుల్ 2010లో ప్రవేశపెట్టిన వెబ్‌పి, దాదాపు అదే నాణ్యతలో జెపెగ్ కంటే 25 నుంచి 34 శాతం చిన్న ఫైలును ఇస్తుందని ఆ సంస్థ పరీక్షలు తెలిపాయి. 2019లో వెలువడిన ఎవిఐఎఫ్ రూపాన్ని గూగుల్ శోధన 2024 నుంచి స్వీకరిస్తోంది.

సాధారణ ఫోన్ కెమెరా తీసే 12 మెగాపిక్సెళ్ల ఫొటో వెడల్పు సుమారు 4,000 పిక్సెళ్లు, బరువు కొన్ని మెగాబైట్లు ఉంటుంది. దాన్ని అలాగే పేజీలో పెడితే పల్లెల్లోని మొబైల్ సంకేతం మీద పేజీ తెరుచుకోవడానికి చాలా సమయం పడుతుంది. పేజీలోని అతి పెద్ద అంశం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ కొలమానం. చాలా పేజీల్లో ఆ అతి పెద్ద అంశం చిత్రమే. గూగుల్ డిస్కవర్ వంటి చోట్ల పెద్ద చిత్రంగా కనిపించాలంటే కనీసం 1,200 పిక్సెళ్ల వెడల్పు అవసరం కాబట్టి, ఫొటోను 1,200 నుంచి 1,600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి కుదించడం ఆచరణలో మధ్యేమార్గం. తెర పరిమాణాన్ని బట్టి వేర్వేరు ప్రతులను అందించే ఎస్‌ఆర్‌సి-సెట్ లక్షణం వాడినప్పుడు కూడా, క్రాలర్ల కోసం మూల చిరునామాను ఎస్‌ఆర్‌సి లక్షణంలో తప్పక ఉంచాలి. చిత్రం ఎత్తు, వెడల్పు ముందే ప్రకటిస్తే పేజీ తెరుచుకుంటున్నప్పుడు అక్షరాలు కిందికి జరగవు.

పాఠకుడు కిందికి జరిపినప్పుడే చిత్రాన్ని తెచ్చే లేజీ లోడింగ్ పద్ధతి వేగాన్ని పెంచుతుంది; అయితే పేజీ పైభాగంలోని ప్రధాన చిత్రానికి దీన్ని వాడితే అది ఆలస్యంగా కనిపించి ఫలితం తారుమారవుతుంది. చిత్రాల సైట్‌మ్యాప్ అనే జాబితా ఫైలు ద్వారా ఒక్కో పేజీకి 1,000 వరకు చిత్రాల చిరునామాలను గూగుల్‌కు తెలియజేయవచ్చు. చిత్రాలను క్రాలర్లు పేజీలంత తరచుగా సందర్శించవు. అందువల్ల చిరునామాలను ఊరికే మార్చకుండా ఉండడం, మార్చవలసి వస్తే పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వత దారిమళ్లింపు ఏర్పాటు చేయడం అవసరం.

### నిర్మిత దత్తాంశం, మెటాడేటా

పేజీలోని సమాచారాన్ని యంత్రాలకు నిర్దిష్టమైన పేర్లతో అందించే పదసంపుటి స్కీమా డాట్ ఆర్గ్. దీన్ని 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి ప్రారంభించాయి. దీని ద్వారా ఒక పేజీలోని చిత్రం వంటకానిదా, వస్తువుదా, స్థలానిదా అన్నది, దాన్ని తీసిన వ్యక్తి, లైసెన్సు వివరాలు ప్రకటించవచ్చు. ఫొటోల వివరాలకు వాడే ఐపిటిసి ప్రమాణం ప్రకారం తీసినవారి పేరు, లైసెన్సు వంటి సమాచారాన్ని చిత్రం ఫైలు లోపలే పొదగవచ్చు.

కెమెరా తనంతట తానుగా నమోదు చేసే తేదీ, స్థానం వంటి వివరాలను ఎక్సిఫ్ మెటాడేటా అంటారు. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన చిత్రం కుదింపుకు లోనై ఈ వివరాలను కోల్పోతుంది. గ్రామాల్లో ఫొటోలు చాలావరకు వాట్సాప్ ద్వారానే చేతులు మారుతున్నందున, వెబ్‌సైటు నిర్వాహకుడికి చేరేసరికి ఏ చిత్రం ఎప్పటిదో, ఎవరు తీసిందో తెలియకుండా పోతుంది. మూల ప్రతిని డాక్యుమెంటు రూపంలో పంపడం, తీసినవారి పేరును, తేదీని విడిగా రాసి పెట్టుకోవడం ఈ నష్టాన్ని నివారిస్తాయి.

### స్థానిక అనుకూలీకరణ

దుకాణాలు, రైస్ మిల్లులు, ఫంక్షన్ హాళ్లు, ఆసుపత్రుల చిత్రాలు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ద్వారా పటంలో కనిపిస్తాయి. ఇక్కడి ఫొటోలు జెపెగ్ లేదా పిఎన్‌జి రూపంలో, 10 కిలోబైట్ల నుంచి 5 మెగాబైట్ల లోపు, 720 పిక్సెళ్ల చతురస్రానికి తగ్గకుండా ఉండాలన్నది గూగుల్ సిఫారసు. సొంత వెబ్‌సైటు లేని చిన్న వ్యాపారులకు ఇదే మొదటి మెట్టు.

## ఎడపల్లి–బోధన్ ప్రాంతపు ఉదాహరణ

### స్థలనామాల సందిగ్ధత

ఎడపల్లి నిజామాబాద్, బోధన్ పట్టణాల మధ్య ఉన్న మండల కేంద్రం. రోమన్ లిపిలో దీని పేరును పలు రకాలుగా రాస్తారు. వాటిలో కొన్ని కేరళలోని కొచ్చి నగర శివారు ఎడప్పల్లి పేరుతో ఇంచుమించు కలిసిపోతాయి. పెద్ద వాణిజ్య సముదాయం, మెట్రో స్టేషను, ప్రసిద్ధ చర్చి ఉన్న కొచ్చి ఎడప్పల్లికి వెబ్‌లో చిత్రాలు అపారం కావడంతో, రోమన్ లిపిలో ఊరి పేరు మాత్రమే రాసిన ఫొటో ఆ సందడిలో కలిసిపోతుంది. నిజామాబాద్ పేరుకూ ఇదే చిక్కు ఉంది: ఉత్తర ప్రదేశ్‌లోని ఆజమ్‌గఢ్ జిల్లాలో నల్లమట్టి పాత్రలకు పేరొందిన మరో నిజామాబాద్ ఉంది.

ఈ సందిగ్ధతను తొలగించే మార్గం స్థలనామాన్ని ఒంటరిగా వదలకుండా మండలం, జిల్లా, రాష్ట్రంతో కలిపి వ్యాఖ్యలో కనీసం ఒకసారి పూర్తిగా రాయడం. తెలుగు లిపిలో ఎడపల్లి, ఎడప్పల్లి వేర్వేరుగా కనిపిస్తాయి కాబట్టి తెలుగు వ్యాఖ్య ఉన్న పేజీకి ఈ విషయంలో అదనపు ప్రయోజనం ఉంది. జిల్లాల పునర్వ్యవస్థీకరణ ఈ సందిగ్ధతకు మరో కారణం. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మంజీరా నదిపై ఉన్న నిజాంసాగర్ జలాశయం ఆ జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు రాసిన వ్యాఖ్యలన్నీ దాన్ని నిజామాబాద్ జిల్లాలోనే చూపుతాయి. పాత వ్యాఖ్యను చెరిపివేయకుండా “పూర్వపు నిజామాబాద్ జిల్లా, ప్రస్తుత కామారెడ్డి జిల్లా” అని సవరిస్తే రెండు రకాల వెతుకులాటలకూ అది సరిపోతుంది.

### చూడదగిన స్థలాలు

ఎడపల్లి మండలంలోని అలీసాగర్ 1930ల నాటి జలాశయం. గుట్టల నడుమ ఉద్యానవనం, జింకల పార్కుతో అది విహార స్థలంగా పేరు పొందింది. ఇదే మండలంలోని జానకంపేటలో లక్ష్మీనరసింహస్వామి ఆలయం, అష్టముఖి కోనేరు ఉన్నాయి. సికింద్రాబాద్–మన్మాడ్ మార్గం నుంచి బోధన్ వైపు రైలు దారి చీలేది కూడా జానకంపేట వద్దే కాబట్టి, ఊరి పేరుతో వెతికినప్పుడు ఆలయం, కోనేరు, రైల్వే స్టేషను ఫొటోలు కలిసి వచ్చే అవకాశం ఉంది. ఒక్కోదానికి వేరు పేజీ లేదా కనీసం వేరు ఉపశీర్షిక ఉండి, కోనేరు ఫొటో కోనేరు గురించిన పేరా పక్కన ఉంటే ఈ కలగలుపు తగ్గుతుంది. కోనేరు వంటి నిర్మాణాలకు ఒకే ఫొటో చాలదు. పై నుంచి మొత్తం ఆకృతి, మెట్ల వరుస, శిల్పాల దగ్గరి దృశ్యం విడివిడిగా ఉండి, ప్రతిదానికీ దాని వివరణ వేరుగా ఉండాలి.

### చక్కెర కర్మాగారం

1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారంగా ప్రసిద్ధి చెందింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. నిజామాబాద్ సమీపంలోని సారంగాపూర్‌లో సహకార రంగంలో మరో చక్కెర కర్మాగారం ఉండేది. రెండింటి చిత్రాలకూ “నిజామాబాద్ షుగర్ ఫ్యాక్టరీ” అన్న వ్యాఖ్యే పెడితే ఒకదాని బదులు మరొకటి ఫలితాల్లో రావడం సహజం. కర్మాగారం నడిచిన రోజుల ఫొటో, మూతపడ్డాక తీసిన ఫొటో చరిత్ర దృష్ట్యా వేర్వేరు ఆధారాలు కాబట్టి, ఇటువంటి చిత్రాల వ్యాఖ్యలో సంవత్సరం తప్పనిసరి. చెరకు బండ్ల వరుసలు, గానుగాడే దృశ్యాలు, కార్మికుల నివాసాలు ఉన్న పాత ఫొటోలు కుటుంబాల ఆల్బముల్లో ఉంటాయి. వాటిని స్కాన్ చేసి, గుర్తున్నంత మేరకు స్థలం, కాలం రాసి వెబ్‌లో ఉంచితే అవి పరిశోధకులకు అందే ఆధారాలవుతాయి.

### పసుపు, వ్యవసాయ ఉత్పత్తులు

నిజామాబాద్ ప్రధాన కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైంది. పసుపు కోసం చిత్రాల్లో వెతికేవారిలో వంటకాల పాఠకులు, వ్యాపారులు, రైతులు ఉంటారు. వీరు వెతికేది ఒకటే కాదు. పొడి ఫొటో వంటవారికి, కొమ్ము, గోళ రకాల తేడా చూపే దగ్గరి ఫొటో కొనుగోలుదారుకు, ఆకుమచ్చ తెగులు ఫొటో రైతుకు కావాలి. ఉత్పత్తి పేజీలో రకం, పరిమాణం తెలిపే ఫొటోలను సాదా నేపథ్యంపై తీసి, వస్తువుకు సంబంధించిన నిర్మిత దత్తాంశాన్ని జోడిస్తే చిత్రం పక్కన ధర, లభ్యత కూడా కనిపించే వీలుంటుంది. వెతికేవారి అవసరాన్ని బట్టి చిత్రాన్ని ఎంచుకోవడం మిగతా పద్ధతులన్నిటికంటే ముందు జరగాల్సిన పని.

### స్వేచ్ఛా చిత్ర భాండాగారాలు

వికీమీడియా కామన్స్‌లో చేర్చిన చిత్రాలు తెలుగు వికీపీడియాలోని గ్రామ వ్యాసాల్లోనూ, ఇతర భాషల వ్యాసాల్లోనూ ఉపయోగపడతాయి. వివరణ పలు భాషల్లో రాసే వీలుండడం, లైసెన్సు స్పష్టంగా ఉండడం, వర్గాల వారీగా అమర్చడం వల్ల అవి సెర్చ్ ఇంజన్లకు సులభంగా అర్థమవుతాయి. ఒక మండలానికి సంబంధించిన చిత్రాలు వెబ్‌లో తక్కువగా ఉన్నప్పుడు, సరైన వివరణతో కామన్స్‌లో చేర్చిన కొద్ది చిత్రాలే ఆ ఊరి ముఖచిత్రాలుగా నిలిచే అవకాశం ఎక్కువ.

## తెలుగు లిపికి సంబంధించిన అంశాలు

తెలుగు లిపిలో ఫైలు పేరు పెట్టడం సాధ్యమే. అయితే యుటిఎఫ్-8 విధానంలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లుగా నిల్వ ఉంటుంది, చిరునామాను ఇతర చోట్ల అతికించినప్పుడు ఒక్కో బైటు మూడు రోమన్ గుర్తులుగా మారుతుంది. “ఎడపల్లి” అన్న మాటలో ఏడు యూనికోడ్ సంకేతాలున్నాయి. అది చిరునామాలో 63 గుర్తుల పొడవు అవుతుంది. శోధనకు ఇది ఆటంకం కాదు గానీ, చిరునామాను పంచుకునేటప్పుడు, ఫైళ్లను ఒక సర్వరు నుంచి మరోదానికి మార్చేటప్పుడు పొరపాట్లకు తావిస్తుంది. ఈ కారణంగా ఫైలు పేరును రోమన్ లిపిలో పొట్టిగా, ఆల్ట్ పాఠ్యాన్ని, వ్యాఖ్యను తెలుగులో పూర్తిగా రాయడం పలువురు అనుసరించే పద్ధతి.

“బోధన్‌లో” వంటి మాటల్లో పొల్లు తరువాతి అక్షరం కింద చేరకుండా ఆపే అదృశ్య సంకేతం ఒకటి ఉంటుంది. పాఠ్యంలో అది అవసరం. ఫైలు పేర్లలో మాత్రం కంటికి కనిపించకుండా దూరి, చూడడానికి ఒకేలా ఉన్న రెండు పేర్లను యంత్రం దృష్టిలో వేరు చేస్తుంది. తెలుగులో విభక్తులు మాటకే అంటుకునే స్వభావం వల్ల బోధన్‌లో, బోధన్‌కు, బోధన్‌నుంచి అన్నవి వేర్వేరు రూపాలుగా ఉంటాయి. సెర్చ్ ఇంజన్లు వీటిని కలిపి చూడగలుగుతున్నా అన్నివేళలా కాదు. అందువల్ల స్థలనామపు మూలరూపం వ్యాఖ్యలోనో శీర్షికలోనో ఒకసారైనా విడిగా రావడం మేలు.

పేజీ భాష తెలుగు అని కోడులో ప్రకటించడం స్క్రీన్ రీడర్ తెలుగు స్వరాన్ని ఎంచుకోవడానికి తోడ్పడుతుంది. గూగుల్ మాత్రం ఆ ప్రకటనను లెక్కలోకి తీసుకోకుండా, కనిపించే పాఠ్యాన్ని బట్టే భాషను నిర్ధారిస్తుంది.

## హక్కులు, నైతిక నియమాలు

2012 సవరణ తరువాత భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం ఫొటోపై హక్కు సాధారణంగా తీసినవారి జీవితకాలమంతా, ఆపై వారు మరణించిన మరుసటి క్యాలెండరు సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాల ఫొటోలకు, కట్టడాల ఫొటోలకు అదే చట్టంలోని 52వ సెక్షను మినహాయింపులు ఇస్తుంది. చిత్ర ఫలితాల్లో కనిపించినంత మాత్రాన చిత్రం ఉచితం కాదు. ఇతరుల ఫొటోను వాడేముందు దాని లైసెన్సును చూడడం, అనుమతి తీసుకోవడం, తీసినవారి పేరు తెలపడం అవసరం.

వ్యక్తులు, ముఖ్యంగా పిల్లలు గుర్తుపట్టేలా ఉన్న చిత్రాలను సూచికలో చేర్చేముందు సమ్మతి అవసరం. పాఠశాల వేడుకల ఫొటోల వంటి వాటిని వెబ్‌సైటులో ఉంచుతూనే చిత్ర శోధనకు దూరంగా ఉంచాలంటే, రోబోట్స్ ఫైలులో చిత్ర క్రాలరును నిషేధించడం లేదా సర్వరు నుంచి నోఇండెక్స్ ఆదేశం పంపడం మార్గాలు.

ప్రభుత్వ వెబ్‌సైట్లకు జాతీయ స్థాయి మార్గదర్శకాలు ఉన్నాయి. 2009లో తొలిసారి వెలువడి 2023లో మూడో రూపానికి చేరిన ఆ మార్గదర్శకాలు చిత్రాలకు ప్రత్యామ్నాయ పాఠ్యాన్ని కోరుతాయి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 కూడా సమాచార ప్రాప్యతను హక్కుగా గుర్తిస్తుంది.

## ఫలితాల కొలత

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లోని పనితీరు నివేదికలో శోధన రకాన్ని చిత్రంగా ఎంచుకుంటే, వెబ్‌సైటు చిత్రాలు ఎన్నిసార్లు కనిపించాయి, ఎన్నిసార్లు నొక్కారు, ఏ మాటలతో వెతికారు అన్నది తెలుస్తుంది. బింగ్‌కూ ఇటువంటి వెబ్‌మాస్టర్ సాధనాలు ఉన్నాయి. ఎక్కువసార్లు కనిపించి తక్కువసార్లు నొక్కిన చిత్రం అస్పష్టంగా ఉందా, వెతికిన మాటకు సరిపోవడం లేదా అన్నది పరిశీలించాలి. కొత్త చిత్రాలు సూచికలోకి చేరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి కాబట్టి ఒక మార్పు ఫలితాన్ని కొన్ని నెలల గణాంకాలతో పోల్చి చూడడం సరైన పద్ధతి.

## పరిమితులు, దురుపయోగం

ఈ పద్ధతులేవీ మొదటి స్థానానికి హామీ ఇవ్వవు. క్రమనిర్ణయ సూత్రాలను సెర్చ్ ఇంజన్లు పూర్తిగా వెల్లడించవు, తరచూ మారుస్తాయి. ఆల్ట్ పాఠ్యంలో సంబంధం లేని మాటలు చేర్చడం, ప్రసిద్ధ స్థలం పేరును మరో స్థలపు ఫొటోకు తగిలించడం, ఇతరుల సర్వరులోని చిత్రాన్ని నేరుగా తమ పేజీలో చూపడం దురుపయోగాలుగా పరిగణించబడతాయి.

కృత్రిమ మేధతో సృష్టించిన చిత్రాలు కొత్త సమస్యను తెచ్చాయి. నిజమైన ఫొటోలు తక్కువగా ఉన్న కట్టడాలకు కల్పిత చిత్రాలు సులభంగా ప్రతినిధులైపోతాయి. యంత్రంతో సృష్టించిన చిత్రమని తెలిపే గుర్తు ఐపిటిసి మెటాడేటాలో ఉంది. 2021లో ఏర్పడిన సి2పిఎ కూటమి చిత్రపు పుట్టుపూర్వోత్తరాలను నమోదు చేసే ప్రమాణాన్ని రూపొందించింది. గూగుల్ 2023లో ఒక చిత్రం తొలిసారి ఎప్పుడు సూచికలోకి వచ్చిందో చూపే సౌకర్యాన్ని ప్రవేశపెట్టింది. ఈ సాధనాలతో పాటు, తేదీ, స్థలం, తీసినవారి పేరు ఉన్న నిజమైన ఫొటోలు తగినన్ని అందుబాటులో ఉండడం కూడా ఈ సమస్యకు ముఖ్యమైన విరుగుడు.

## ప్రాముఖ్యం

వ్యాపార సంస్థలకు చిత్ర శోధన కొనుగోలుదారును తెచ్చే మార్గం. పర్యాటక స్థలాలకు యాత్రికుడి తొలి పరిచయం. విద్యార్థులకు, పరిశోధకులకు అది ఆధారాల కోశం. ఊరికి దూరంగా గల్ఫ్ దేశాల్లోనో నగరాల్లోనో ఉన్న నిజామాబాద్ జిల్లా వాసులకు సొంత ప్రాంతాన్ని చూసుకునే సాధనం కూడా అదే. అన్నిటికంటే ముఖ్యంగా, చిత్రానికి రాసిన మంచి వివరణ అంధ పాఠకుడికి ఆ చిత్రాన్ని అందిస్తుంది.

ఒక ప్రాంతం గురించి ప్రపంచానికి తెలిసే రూపం చాలావరకు ఫలితాల మొదటి వరుసలో కనిపించే కొద్ది చిత్రాలపై ఆధారపడి ఉంటోంది. ఎడపల్లి, జానకంపేట, శక్కర్‌నగర్ వంటి స్థలాలకు ఆ కొద్ది చిత్రాలు ఏవన్నది పెద్ద సంస్థల పెట్టుబడి మీద కాక, స్థానిక పాఠశాలలు, పంచాయతీలు, ఆలయ కమిటీలు, విలేకరులు, వికీపీడియా కార్యకర్తలు రాసే పేరు, తేదీ, వ్యాఖ్యల మీద ఆధారపడి ఉంది. ఖర్చు దాదాపు లేని ఈ పని, స్థానిక చరిత్రను తెలిసినవారే సరిగా చేయగలిగినది.